తాతల చేతిపని, మనుమల హక్కు

(సంగారెడ్డిలో జరిగిన ఒక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాడు మాకు అప్పగించిన అంశం మన పూర్వీకుల వృత్తులను గూర్చి. మన తాతలు, ముత్తాతలు ఏ పని చేసి బ్రతికారు, దానిని ఎట్లా తెలుసుకోవాలి, తెలుసుకున్నందువల్ల ప్రయోజనమేమిటి అనే మూడు ప్రశ్నలకు మాకు తెలిసినంతలో సమాధానం చెప్పడానికి ప్రయత్నిస్తాము.

ఇది తీరిక ఉన్నవారు చేసుకునే వంశచరిత్ర వ్యవహారమని కొందరు అనుకోవచ్చు. కులధ్రువీకరణ పత్రాల కోసం తిరిగే కుటుంబాలకు మేము కొందరం కలిసి కొన్నేళ్లుగా తోడ్పడుతున్నాము. ఆ పనిలో మాకు తరచుగా ఎదురయ్యే దృశ్యం ఒకటున్నది. దరఖాస్తుతో వచ్చిన పిల్లవాణ్ణి "మీ దాదా ఏం పని చేసేవారు?" అని అడిగితే "కంపెనీలో లేబర్" అంటాడు. "వారి అబ్బా?" అంటే "కూలీ" అంటాడు. అంతకు ముందు సంగతి తెలియదంటాడు. మూడు తరాల మనుషులు, వారి నైపుణ్యం, వారి పరికరాలు, వారికి ఊరిలో ఉన్న పేరు అన్నీ కలిసి ఒక్క మాటలో మునిగిపోయాయి. ఆ ఒక్క మాట కింద ఏమున్నదో తవ్వి తీయడమే నేటి మన అంశం.

వృత్తి ఎక్కడ మరుగునపడింది?

మన ప్రాంతంలో ఈ మరపుకు రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది వలస. 1960వ దశకంలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. 1970వ దశకం నుంచి పటాన్‌చెరు పారిశ్రామికవాడ పెరిగింది. తరువాత బొల్లారం, పాశమైలారం వచ్చాయి. 1980వ దశకంలో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం వచ్చింది. నారాయణఖేడ్, అందోల్, జహీరాబాద్ పల్లెల నుంచి, అటు బీదర్ వైపు నుంచి కూడా జనం బొంబాయి రహదారి పట్టి ఇక్కడికి చేరారు. పల్లెలో దూదేకేవాడు, ఎద్దులకు నాడాలు కొట్టే నాల్‌బంద్, ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు, రోళ్లకు తిరగళ్లకు కక్కు కొట్టేవాడు, అందరూ ఇక్కడి గేటు ముందు నిలబడగానే ఒకే పేరుతో పిలువబడ్డారు. హాజరుపట్టీలో వృత్తికి గడి లేదు. అంకె ఉన్నది, షిఫ్టు ఉన్నది, అంతే.

రెండవ కారణం సిగ్గు. ఈ మాట చెప్పుకోవడానికి కష్టంగా ఉంటుంది గాని చెప్పుకోక తప్పదు. హజామ్ కుటుంబమని, ధోబీ కుటుంబమని, కసాబ్ కుటుంబమని, ఫకీరుల ఇల్లని తెలిస్తే పెళ్లి సంబంధాలు తప్పిపోతాయేమోనని పెద్దలు నోరు మూసుకున్నారు. పట్నం వచ్చాక పేరు ముందు షేక్ చేరింది. కొన్ని ఇళ్లలో ఖాన్ చేరింది, మరికొన్ని ఇళ్లలో సయ్యద్ కూడా చేరింది. దూదేకుల సోదరుల బాధ వేరు. తెలుగు మాతృభాషగా, తెలుగు ఇంటిపేర్లతో జీవించిన ఆ కుటుంబాలను అటు ఊరివారు పూర్తిగా తమవారనలేదు, ఇటు ఉర్దూ మాట్లాడే మనవారు పూర్తిగా మనవారనలేదు. ఎగతాళి భరించలేక పనిని దాచారు. పనిని దాచిన ఇంట్లో మూడవ తరానికి పని పేరు కూడా మిగలలేదు.

సిగ్గుపడవలసిన పని ఏది?

ఇస్లాం చరిత్ర తెలిసినవారికి ఈ సిగ్గు ఆశ్చర్యం కలిగించాలి. నూహ్ ప్రవక్త (అ) చేతులతో ఓడ నిర్మించారు. దావూద్ ప్రవక్త (అ) ఇనుముతో కవచాలు తయారుచేశారు, తన చేతి కష్టంతో తిన్నారు. జకరియ్యా ప్రవక్త (అ) వడ్రంగి పని చేసేవారని హదీసుల్లో ఉన్నది. మన ప్రియ ప్రవక్త (స) గొర్రెలు కాశారు, వ్యాపారం చేశారు.

పండితుల సంగతి చూడండి. హిజ్రీ మూడవ శతాబ్దంలో బగ్దాద్‌లో జీవించిన హనఫీ న్యాయవేత్త అబూబక్ర్ అల్-ఖస్సాఫ్ వక్ఫ్ ధర్మశాస్త్రంపై తొలి ప్రామాణిక గ్రంథాలలో ఒకటి రచించారు. వక్ఫ్ ఆస్తుల కోసం నేడు మనం కోర్టుల చుట్టూ తిరుగుతున్నాము గదా, ఆ శాస్త్రానికి పునాదిరాయి వేసినవారిలో ఆయన ఒకరు. ఖస్సాఫ్ అంటే చెప్పులు కుట్టేవాడని అర్థం. సూఫీ మన్సూర్ హల్లాజ్ పేరులోని హల్లాజ్ అంటే దూది ఏకేవాడు. అత్తార్ అంటే సుగంధద్రవ్యాలు, మూలికలు అమ్మేవాడు. ఖయ్యామ్ అంటే డేరాలు కుట్టేవాడు. ఇంగ్లండులో స్మిత్ అంటే కమ్మరి, టేలర్ అంటే దర్జీ. ఆ పేర్లు పెట్టుకున్న లక్షలాది మంది ఎవరూ తలవంచుకోవడం లేదు.

మన చుట్టూ వాడుకలో ఉన్న పేర్లలోనూ ఈ చరిత్రే ఉన్నది. లద్దాఫ్ అనే మాట దూది ఏకేవాడని అర్థమిచ్చే నద్దాఫ్ అనే అరబ్బీ మాట నుంచి వచ్చింది. కసాబ్ అరబ్బీ మాటే. హజామ్ అనే పేరు హిజామా వైద్యం నుంచి వచ్చింది, అనగా చెడు నెత్తురు తీసి రోగం నయం చేసే పని. మంగలి పని దానికి తోడుగా వచ్చింది. తోలుతిత్తితో నీళ్లు మోసిన బిహిష్తీ పేరుకు స్వర్గవాసి అని అర్థం. దాహంతో ఉన్నవాడికి నీళ్లిచ్చేవాడిని మన పూర్వులు అంత గౌరవంగా పిలిచారు. ఆ గౌరవం తరువాతి కాలంలో మనమే పోగొట్టుకున్నాము.

ఇంటి నుంచే మొదలుపెట్టాలి

ఇక తెలుసుకునే మార్గాలు. మొదటి మార్గం మన ఇంటిలోనే ఉన్నది. దాదీ, నానీ, పెద్దమ్మ, మేనత్త. మగవారికంటె ఆడవారికి ఎక్కువ గుర్తుంటుందని మా అనుభవం. కోడలిగా వచ్చిన రోజున ఆ ఇంట్లో ఏ పనిముట్లు కనిపించాయో వారు చెప్పగలరు.

అడిగే తీరు ముఖ్యం. "మన కులమేమిటి?" అని అడిగితే పెద్దవారు బెదిరిపోతారు, లేదా "మనం షేకులం" అని ముగిస్తారు. దానికి బదులుగా చిన్న ప్రశ్నలు వేయండి. మీ మామగారు పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్లేవారు? చేతిలో ఏం పట్టుకుని వెళ్లేవారు? కూలి డబ్బుగా ఇచ్చేవారా, గింజలుగా ఇచ్చేవారా? కళ్లం దగ్గర ధాన్యం వచ్చేదా? ఊరివారు మన ఇంటిని ఏమని పిలిచేవారు? పెళ్లికి, చావుకు, పీర్ల పండుగకు ఊరిలో మనవాళ్లు చేయవలసిన పని ఏదైనా ఉండేదా? ఊరిలో మేకను హలాల్ చేసి, బదులుగా ధాన్యం పొందిన ముల్లా కుటుంబాల కథలు ఇటువంటి ప్రశ్నలతోనే బయటపడతాయి.

రెండవది వస్తువులు. అటక మీద విరిగిన దూది విల్లు ఉండవచ్చు. కళాయి కొలిమి తిత్తి, నాడాలు కొట్టే సుత్తి, రాయి మలిచే ఉలి, రంగులద్దే చెక్క అచ్చు ఉండవచ్చు. పాత సామానుల కొట్టుకు వేసే ముందు ఫోటో తీయండి, దానిని ఎవరు వాడారో రాసుకోండి. మాటకంటె పనిముట్టు బలమైన సాక్ష్యం.

మూడవది మూల గ్రామం. సెలవురోజున పిల్లలను తీసుకుని ఆ ఊరికి వెళ్లండి. ఖబ్రస్తాన్ చూడండి. మీ ఇంటివారితో ఇచ్చిపుచ్చుకున్న ఇతర కులాల వృద్ధులను కలవండి. రైతు ఇంటివారికి తమ పరుపులకు, దుప్పట్లకు దూది ఎవరు ఏకారో, ఎద్దుకు నాడా ఎవరు కొట్టారో బాగా జ్ఞాపకముంటుంది. మనవారు దాచిపెట్టిన సంగతి వారు ఏ దాపరికమూ లేకుండా చెబుతారు.

కాగితాలు ఎక్కడున్నాయి?

నోటిమాటకు కాగితం తోడైతేనే కార్యాలయాల్లో విలువ. గుమాస్తాగా పనిచేసిన అనుభవంతో ఈ సంగతి నొక్కి చెబుతున్నాము.

భూమి ఉన్నా లేకపోయినా మొదట చూడవలసినది రెవెన్యూ రికార్డు. సర్వే నాటి సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, ఆ తరువాతి సంవత్సరాల చేసాల పహాణీ, ఈ మూడూ తెలంగాణ పల్లెలకు ప్రాణంవంటివి. ఖాస్రా పహాణీలో పట్టాదారు పేరు, అనుభవదారు పేరు, భూమి తరహా ఉంటాయి. అది ఇనాం భూమి అయితే ఏ సేవకు ఇచ్చిన ఇనామో వెదకాలి. మసీదులో పేష్ ఇమాంగా, ఖతీబుగా, ముఅజ్జిన్‌గా, ఖాజీగా పనిచేసినందుకు, దర్గా సేవకు, గ్రామ సేవకు భూములు ఇచ్చేవారు. 1955లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది గాని ఆ ఇనాములపై జరిగిన విచారణ కాగితాలు మిగిలే ఉన్నాయి. ఇనాందారు చనిపోయినప్పుడు వారసత్వం తేల్చే విరాసత్ ఫైలులో కుటుంబ వృక్షం గీసి ఉంటుంది. ఇనామును ధ్రువీకరించే ముంతఖబ్‌లో ఎవరికి, దేనికి ఇచ్చారో రాసి ఉంటుంది. తహసీల్దారు కార్యాలయంలో ధ్రువీకృత నకలు కోసం దరఖాస్తు చేయండి. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది.

రెండవది నికాహ్ రికార్డు. ఖాజీ కార్యాలయంలోని సియాహానామాలో వధూవరుల పేర్లతో పాటు తండ్రుల పేర్లు, నివాసం, వకీలు, సాక్షుల పేర్లు ఉంటాయి. ఒక తరం నుంచి మరొక తరానికి దాటడానికి ఇది వంతెన వంటిది. సాక్షులు సాధారణంగా బంధువులే కనుక, వారి కుటుంబాల వృత్తి తెలిస్తే మనదీ తెలిసే అవకాశమున్నది.

మూడవది బడి. పాఠశాల ప్రవేశాల రిజిస్టరు పాతదైతే తండ్రి వృత్తి దొరకవచ్చు. కాని ఒక చిక్కున్నది. చాలాచోట్ల మతం గడిలోనూ, కులం గడిలోనూ "ముస్లిం" అనే రాశారు. కనుక ఒక్క బదిలీ పత్రంతో ఆగిపోకుండా తండ్రిగారి రిజిస్టరు, పినతండ్రిగారి రిజిస్టరు కూడా చూడాలి. అన్నదమ్ముల్లో ఒకరి దగ్గరైనా అసలు మాట దొరకవచ్చు.

నాల్గవది ముద్రిత గ్రంథాలు. నిజాం రాష్ట్రంలో 1881 నుంచి పదేళ్లకొకసారి జనగణన జరిగింది. ఆ నివేదికల్లో మన తాత పేరు దొరకదు, మొత్తం సంఖ్యలే ఉంటాయి. ముస్లింలను ఎక్కువగా షేక్, సయ్యద్, మొఘల్, పఠాన్ అనే శీర్షికల కింద లెక్కించారు కనుక వృత్తి సముదాయాలు అప్పుడే ఆ నాలుగింటిలో కలిసిపోసాగాయి. 1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ నిజాం రాజ్యంలోని కులాలు, తెగలపై గ్రంథం ప్రచురించారు. అంతకుముందు 1909లో మద్రాసు రాష్ట్రం వైపు ఎడ్గార్ థర్‌స్టన్ ఏడు సంపుటాలు వెలువరించారు. ఇవి పై నుంచి చూసి రాసిన పుస్తకాలు. ఇందులోని అభిప్రాయాలు మనకు అవసరం లేదు, వృత్తుల వివరాలు మాత్రం పనికివస్తాయి. ఇంకా లోతుకు వెళ్లదలచినవారికి హైదరాబాద్ తార్నాకలో రాష్ట్ర పురావస్తు పత్రాగారం ఉన్నది. మొఘల్ కాలపు ఫార్సీ పత్రాల నుంచి నిజాం ప్రభుత్వ ఫైళ్ల వరకు అక్కడ భద్రపరచబడినాయి.

ఈ కాగితాలు చదవడానికి రెండు తాళంచెవులు కావాలి. ఒకటి భాష. 1880వ దశకం వరకు నిజాం ప్రభుత్వ భాష ఫార్సీ, ఆ తరువాత ఉర్దూ. చేతిరాత గొలుసుకట్టుగా ఉంటుంది. మన పిల్లలకు చదవరాదు. చదవగలిగిన వృద్ధులు రోజురోజుకు తగ్గిపోతున్నారు. మీ మొహల్లాలో అటువంటి పెద్దమనిషి ఉంటే ఇప్పుడే ఆయన పక్కన ఒక కుర్రవాణ్ణి కూర్చోబెట్టండి.

రెండవది సంవత్సరం. పాత కాగితాల మీద ఫస్లీ సంవత్సరాలుంటాయి. హైదరాబాద్ ఫస్లీ అక్టోబరు మొదటి వారంలో ఆజుర్ నెలతో మొదలవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడే రోజులకు 590 కలపాలి, జనవరి నుంచి సెప్టెంబరు వరకు పడే రోజులకు 591 కలపాలి. ఉదాహరణకు 1357 ఫస్లీ 1947 అక్టోబరులో మొదలై 1948లో పోలీసు చర్య నాటికి ముగింపుకు వచ్చింది. ఈ లెక్క తెలియక ముత్తాతను తాతకంటె చిన్నవాణ్ణి చేసిన కుటుంబ వృక్షాలు మేము చూశాము.

ఇప్పుడే ఎందుకు?

ఇంత శ్రమ ఎందుకని అడుగుతారు. మనకు చట్టంలో దక్కిన హక్కు ఈ వృత్తుల మీదే నిలబడి ఉన్నది గనుక.

చరిత్ర క్లుప్తంగా చెబుతాము. 1970 సెప్టెంబరు 23 నాటి జీవో 1793తో ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన తరగతుల జాబితా వచ్చింది. దూదేకుల, లద్దాఫ్, పింజారీ, నూర్‌బాషా పేర్లు బి గ్రూపులో ఉన్నాయి. ముస్లిం మెహతర్లు ఏ గ్రూపులో ఉన్నారు. మిగతా ముస్లిం వృత్తి కులాలు చాలా కాలం జాబితా బయటే ఉండిపోయాయి. 2004లో ఒకసారి, 2005లో మరొకసారి ముస్లింలందరికీ కలిపి 5 శాతం ఇవ్వాలని ప్రభుత్వం ప్రయత్నించింది. రెండుసార్లూ హైకోర్టు కొట్టివేసింది. అప్పుడు పి.ఎస్. కృష్ణన్‌గారు సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిం సముదాయాలను విడివిడిగా గుర్తిస్తూ 2007లో నివేదిక ఇచ్చారు. బీసీ కమిషన్ కూడా సిఫారసు చేసింది. 2007 నాటి 26వ చట్టంతో బీసీ-ఇ గ్రూపు ఏర్పడి 4 శాతం రిజర్వేషన్ వచ్చింది.

ఆ జాబితాను ఒకసారి చదవండి. అచ్చుకట్లవాండ్లు, అత్తరు సాయెబులు, ముస్లిం ధోబీలు, ఫకీర్లు, గారడీ సాయెబులు, గోసంగి ముస్లింలు, గుడ్డి ఎలుగువాళ్లు, హజాములు, లబ్బీలు, బోరేవాలే ఫకీర్లు, ఖురేషీ కసాబులు, షేకులు, సిద్దీలు, రోళ్లకు తిరగళ్లకు కక్కు కొట్టే తురక కాశలు. అక్కడ కనిపించేవి మతం పేర్లు కావు, పనుల పేర్లు. ఏ పేర్లను చెప్పుకోవడానికి మన పెద్దలు సిగ్గుపడ్డారో అవే పేర్లు నేడు మన పిల్లల చదువుకు తలుపులు తెరుస్తున్నాయి. సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా, కచ్ఛీ మెమన్, నవాయత్ వంటి వర్గాలను ఆ చట్టం మినహాయించింది. హోదా కోసం పేరుకు తగిలించుకున్న సయ్యద్ శబ్దం మనుమడి సీటును తీసుకుపోతుందని తాతకు తెలియదు పాపం.

ఈ హక్కు ఇంకా నిలకడగా కూర్చున్నది కాదు. 2010 ఫిబ్రవరి 8న హైకోర్టు విస్తృత ధర్మాసనం మెజారిటీ తీర్పుతో ఈ చట్టాన్ని కొట్టివేసింది. 2010 మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో దానిని నిలబెట్టి, విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది. ఇది మతం పేరుతో ఇచ్చిన రిజర్వేషన్ అని ప్రచారం చేసేవారికి అసలు జవాబు ఉపన్యాసం కాదు. మా తాత ఫలానా ఊరిలో ఫలానా పని చేశాడు, ఆ పని చేసినందుకు ఊరిలో ఈ స్థానం దక్కింది, అందువల్ల మా ఇంట్లో బడి ముఖం చూసిన మొదటివాడు ఫలానా తరంలో పుట్టాడు అని సాక్ష్యంతో చెప్పగలగడమే జవాబు.

సరైన పేరు తెలియడంలో మరొక మేలున్నది. తెలంగాణలో బీసీ-ఏకు 7 శాతం, బీసీ-బికి 10 శాతం, బీసీ-ఇకి 4 శాతం ఉన్నాయి. ఒకే తాత మనుమలు, ఒకరు లద్దాఫ్ అని బీసీ-బి పత్రంతో, మరొకరు షేక్ అని బీసీ-ఇ పత్రంతో మా దగ్గరకు వచ్చిన సందర్భాలున్నాయి. ఇద్దరిలో ఎవరి పత్రం మీదనైనా రేపు అభ్యంతరం వస్తే ఉద్యోగమే ప్రమాదంలో పడుతుంది. కుటుంబమంతా ముందుగా కూర్చుని సత్యమేమిటో తేల్చుకోవాలి.

2024 నవంబరు 6న మొదలైన తెలంగాణ సమగ్ర ఇంటింటి సర్వేలో రాష్ట్ర జనాభాలో ముస్లింలు 12.56 శాతమని, వారిలో బీసీ ముస్లింలు 10.08 శాతం, ఓసీ ముస్లింలు 2.48 శాతమని తేలింది. అనగా ప్రతి 100 మంది ముస్లింలలో సుమారు 80 మంది వెనుకబడిన తరగతులవారే. ఇక దేశవ్యాప్త జనగణనకు 2027 మార్చి 1 ప్రమాణ తేదీగా నిర్ణయమైంది. అందులో కులగణన కూడా ఉంటుంది. 1931 తరువాత అన్ని కులాలను లెక్కించడం ఇదే మొదలు. గణకుడు గుమ్మంలో నిలబడినప్పుడు ఆలోచించుకునే వ్యవధి ఉండదు. "ముస్లిం" అని ఒక్క మాట చెప్పి పంపితే 1931లో జరిగిన కలగాపులగమే మళ్లీ జరుగుతుంది. ధోబీలు ఎందరు, హజాములు ఎందరు, ఫకీర్లు ఎందరు అన్నది లెక్కలో కనిపించకపోతే వారి పిల్లలకు ఏ పథకమూ కనిపించదు.

కొన్ని హెచ్చరికలు

సత్యం తప్ప మరేదీ రాయకండి. లాభం కోసం లేని వృత్తిని కల్పించడం, హోదా కోసం లేని షజ్రాను కొనుక్కోవడం రెండూ ఒకే అబద్ధానికి రెండు ముఖాలు. డబ్బిస్తే అరబ్బు దేశం దాకా వంశవృక్షం గీసి ఇచ్చేవారు ఉన్నారు. వారి దగ్గరకు వెళ్లకండి. నోటిమాట, వస్తువు, కాగితం, ఈ మూడింటిలో కనీసం రెండు ఏకీభవించినప్పుడే నిశ్చయమని రాసుకోండి. ఏకీభవించకపోతే ఎవరు ఏమి చెప్పారో ఉన్నదున్నట్టు రాసి వదిలేయండి. మీ తరువాతివారు తేలుస్తారు.

వృత్తి తెలిసిన తరువాత దానిని గోడగా మార్చుకోకండి. అల్లాహ్ దృష్టిలో మనిషి ఘనత భయభక్తులలో ఉన్నదని మనకు చిన్ననాటి నుంచి నేర్పారు. చట్టం ముందు వెనుకబాటును నిరూపించుకోవడం వేరు, మసీదు వరుసలో, పెళ్లి సంబంధంలో ఎక్కువ తక్కువలు ఎంచడం వేరు. మొదటిది న్యాయం కోసం, రెండవది అన్యాయం. ఇంకా ఒక మాట. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ముస్లింలకు షెడ్యూల్డు కులాల హోదా లేదు. పాకీపని చేసి తరాలు గడిపిన మెహతర్ కుటుంబాల అనుభవాన్ని వారి మాటల్లోనే నమోదు చేయడం మన బాధ్యత. మిగతావారికంటె వారి కథ ముందుగా రాయాలి.

నేటి పని రేపటి చరిత్ర

చివరగా ఒక విషయం. చరిత్ర అంటే పోయిన సంగతి మాత్రమే అనుకోకండి. పాశమైలారంలో రియాక్టరు దగ్గర నిలబడినవాడు, బొల్లారంలో మందుల డబ్బాలు కట్టినవాడు, రహదారి పక్కన లారీ చక్రాలు విప్పినవాడు, కాంట్రాక్టరు మారినప్పుడల్లా పాత సర్వీసు పోగొట్టుకున్నవాడు, వీరంతా రేపటి పిల్లలకు తాతలే. వారు కూడా "లేబర్" అనే ఒక్క మాటలో మునిగిపోకూడదు. ఈఎస్ఐ కార్డు, ప్రావిడెంటు ఫండు చీటీ, గేటు పాసు, జీతపు చీటీ పారవేయకండి. అవి పరిహారం అడిగే రోజున సాక్ష్యాలు, మనుమలు అడిగే రోజున జ్ఞాపకాలు. ఏ యంత్రం మీద, ఏ రసాయనంతో, ఎన్ని గంటలు పనిచేశారో కూడా రాయించుకోండి.

ఆడవారి పని ఏ రికార్డులోనూ సరిగా లేదు. బీడీలు చుట్టిన తల్లులు, గంపలో గాజులు పెట్టుకుని ఊరూరా తిరిగిన నానీలు, కాన్పులు చేసిన దాయీలు, కుట్టుమిషన్ మీద ఇల్లు నడిపినవారు, కాగితం మీద అందరూ "గృహిణి" అయ్యారు. బీడీ కార్మికుల గుర్తింపు కార్డు ఇంట్లో ఉంటే దానిని భూమి పట్టా దాచినంత జాగ్రత్తగా దాచండి. వృత్తిచరిత్ర రాసేటప్పుడు తండ్రి వైపు ఎంత వెతుకుతారో తల్లి వైపు అంతే వెతకండి.

మేము కోరేది మూడు పనులు. ప్రతి కుటుంబం వచ్చే సెలవుల్లో ఒక నోటుపుస్తకం కొని, ఇంట్లో అందరికంటె పెద్దవారి మాటలు తేదీ వేసి రాయాలి, వీలైతే ఫోనులో వారి గొంతు కూడా నమోదు చేయాలి. ప్రతి మసీదు కమిటీ తన మొహల్లాలోని కుటుంబాల మూల గ్రామం, వృత్తి, బీసీ గ్రూపు వివరాలతో ఒక రిజిస్టరు ఉంచాలి, ఇష్టపడినవారివి మాత్రమే, వారి అనుమతితోనే. పాత ఉర్దూ చదవగల పెద్దలు నెలకొక ఆదివారం రెండు గంటలు కేటాయించి, కాగితాలు తెచ్చినవారికి చదివిపెట్టాలి. జనగణనకు ముందే ఈ మూడూ మొదలు కావాలి. తరువాత చూద్దామనుకుంటే కాగితం ఉండవచ్చు గాని చెప్పే మనిషి ఉండరు.

చేతిపనితో హలాల్ సంపాదన తిని మనలను పెంచిన ఆ తరాలకు అల్లాహ్ మగ్ఫిరత్ ప్రసాదించుగాక. వారి పేర్లను, వారి పనులను సత్యంతో చెప్పుకునే ధైర్యం మన పిల్లలకు ప్రసాదించుగాక. ఆమీన్.